గీతకు బాధ్యత: ఆర్కిటెక్చర్ విద్యార్థి నేర్చుకునేది ఏమిటి?

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన్ని మేము ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మాకు ఆయన మాస్టారు, అంతే. ఇవాళ ఎక్కడెక్కడో పనిచేస్తున్న ఎందరో ఆర్కిటెక్టుల చేత మొదటి గీత గీయించింది ఆయనే. ఆయన సొంతంగా కట్టిన భవనాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆయన దగ్గర చదివినవాళ్లు కట్టినవి లెక్కకు అందవు.

నేను మొదటి సంవత్సరంలో ఉండగా, దసరా సెలవులకు ముందు రోజు మాస్టారు స్టూడియోకి వచ్చారు. కొత్త డ్రాయింగ్ బోర్డులు, టీ స్కేళ్లు పెట్టుకుని పెద్ద పెద్ద భవనాలు గీసేద్దామన్న ఉత్సాహంతో ఉన్నాం. ఆయన తలా ఒక టేపు చేతికిచ్చి, "ఇళ్లకు వెళ్తున్నారుగా, మీ మీ ఇళ్లు కొలుచుకు రండి" అన్నారు.

మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. పెంకుటిల్లు. మూడు రోజులు కొలిచాను. గోడ మందం, గుమ్మం ఎత్తు, దూలాల మధ్య దూరం, వసారా స్తంభాల చుట్టుకొలత, ఏదీ వదల్లేదు. వీధి అరుగు నేలకు పద్దెనిమిది అంగుళాల ఎత్తు. తిరిగొచ్చాక రాత్రుళ్లు కూర్చుని, మరక లేకుండా ప్లాను గీసి ఇచ్చాను. మాస్టారు చాలాసేపు చూశారు. "ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉన్నారా?" అన్నారు. నాయనమ్మ ఉందండీ అన్నాను. "ఆవిడ ఎక్కడ కూర్చుంటుంది?" అని అడిగారు.

నా ప్లానులో అరుగు ఉంది గానీ నాయనమ్మ కూర్చునే చోటు లేదు. ఆవిడ రోజూ అరుగు మీద రెండో స్తంభానికి వీపు ఆనించి కూర్చునేది. కాళ్లు వేలాడకుండా నేలకు ఆనేవి. పొద్దుటి ఎండ అక్కడ తగిలేది, పొద్దెక్కేసరికి చూరు నీడ కమ్మేది. ఆ చోటి నుంచి వీధిలో వచ్చేపోయేవాళ్లూ కనిపించేవాళ్లు, తల తిప్పితే వంటింట్లో అమ్మా కనిపించేది. ఆ స్తంభాన్ని నేను కొలిచాను. మిగిలిన వాటికన్నా అదొక్కటే ఎందుకంత నున్నగా అరిగిందో చూడలేదు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అయిదేళ్ల చదువులో ఆర్కిటెక్చర్ విద్యార్థి ఎన్నో విద్యలు నేర్చుకుంటారు. వాటన్నిటినీ కలిపి పట్టే దారం ఒక్కటే. కాగితం మీద గీసిన గీత రేపు ఎవరి బతుకులోనో గోడో, గుమ్మమో, మెట్టో అవుతుంది. దానికి జవాబు చెప్పుకోవలసింది గీసిన చెయ్యే.

పెద్దలు రాసిపెట్టిన జాబితాలు

మయమతం, మానసారం వంటి మన శిల్పశాస్త్రాలు కట్టడం పనికి నలుగుర్ని చెప్పాయి. పని మొత్తానికి పెద్ద స్థపతి. దారం పట్టి కొలతలు చూసేవాడు సూత్రగ్రాహి. చెక్కేవాడు తక్షకుడు. చెక్కినవాటిని కూర్చేవాడు వర్ధకి. అటు రోమ్‌లో, క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దిలో, విట్రూవియస్ మరో జాబితా రాశాడు. ఆర్కిటెక్టుకు గీత, గణితం, చరిత్ర, తత్వం, సంగీతం, వైద్యం, న్యాయం, ఖగోళం తెలియాలన్నాడు. వైద్యమెందుకంటే, ఏ నేల, ఏ నీరు, ఏ గాలి ఆరోగ్యానికి మంచివో తెలియాలి గనక. న్యాయమెందుకంటే, ఉమ్మడి గోడల దగ్గర, చూరు నీళ్ల దగ్గర, మురుగు కాలువల దగ్గర ఇరుగుపొరుగుల మధ్య తగాదాలు పుడతాయి గనక. రెండు వేల ఏళ్లు గడిచాయి. మన వీధుల్లో ఇవాళ్టికీ తగాదాలు ఆ మూడింటి దగ్గరే.

నేటి బి.ఆర్క్ చదువు అయిదేళ్లు, పది సెమిస్టర్లు. అందులో ఒక సెమిస్టరు ఆఫీసులో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ, చివర థీసిస్. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో చదివినా, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చదివినా చట్రం ఇదే. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆర్కిటెక్టు అన్న పేరు పెట్టుకోవాలి. అయితే ఆ చట్టం పేరును కాపాడుతుందే తప్ప, ఆ పనిని ఇతరులు చేయకుండా ఆపదని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. కాబట్టి పిల్లలూ, పట్టా మీకు పేరునిస్తుంది. పనిని నిలబెట్టుకోవాల్సింది మాత్రం మీరు నేర్చిన విద్యతోనే.

కొలవడం, గీయడం

మొదటి విద్య కొలవడం. పాత కట్టడాన్ని అంగుళం అంగుళం కొలిచి గీయడాన్ని మెజర్డ్ డ్రాయింగ్ అంటాం. కొలిచే చేతికి తెలిసేవి చూసే కంటికి తెలియవు. మండువా లోగిలిని కొలిచిన విద్యార్థికి నాలుగు వైపుల కప్పులూ లోపలికే ఎందుకు వాలాయో, వాన నీళ్లన్నీ నడిమి గుంటలోకి ఎలా చేరతాయో, ఆ తెరిచిన చోటు వేడిగాలిని పైకి ఎలా పంపిస్తుందో అర్థమవుతుంది. రాయలసీమ మిద్దెను కొలిస్తే, ఆ మందపాటి గోడలూ మట్టి కప్పూ పగటి వేడిని ఎంతసేపు బయటే ఆపగలవో తెలుస్తుంది. కోస్తాలో చుట్టిల్లును కొలిస్తే గాలికి ఎదురు నిలిచే మూల అన్నదే దానికి లేదని తెలుస్తుంది. తుపాను గాలి దాని చుట్టూ జారిపోతుంది. కిందికి దిగిన తాటాకు కప్పు గోడను వాన నుంచి కాపాడుతుంది. ఇవి కట్టినవాళ్లు కాలేజీల్లో చదవలేదు. వాళ్లకు తెలిసింది మనకు చెప్పగలిగేవి ఆ కట్టడాలే.

రెండో విద్య గీయడం. ప్లాను అంటే ఇంటిని నడుము ఎత్తున అడ్డంగా కోసి పైనుంచి చూడటం. సెక్షన్ అంటే నిలువునా కోసి పక్క నుంచి చూడటం. కొత్త విద్యార్థి ప్లాను మీదే మోజు పడతాడు. మాస్టారు ముందు సెక్షన్ అడిగేవారు. "ప్లానులో గదులుంటాయి, గాలీ వెలుగూ సెక్షన్‌లో ఉంటాయి" అనేవారు. కిటికీ గట్టు ఎంత ఎత్తున ఉంటే మంచం మీద పడుకున్న మనిషికి ఆకాశం కనిపిస్తుందో సెక్షన్ గీస్తే తప్ప తెలియదు.

ఇప్పుడు గీతలన్నీ కంప్యూటర్‌లోనే. దానితో నాకు పేచీ లేదు. పదిసార్లు మార్చుకోవడానికి, లెక్కలు సరిచూసుకోవడానికి అది గొప్ప సాధనం. కానీ తెరమీద ఇంటిని చిటికెలో పెద్దది చేయవచ్చు, చిటికెలో చిన్నది చేయవచ్చు. అందులో మునిగితే తొమ్మిది అంగుళాల గోడ అసలు ఎంత మందమో ఒంటికి గుర్తుండదు. అందుకే మొదటి ఏడాదైనా పెన్సిలుతో స్కేలుకు గీయాలి, అట్టముక్కలు కోసి మోడల్ చేయాలి. చేత్తో చేసినదానికి కొలత ఒంట్లో నిలుస్తుంది.

ఎండతో మాట్లాడటం

ఒక కిటికీని తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక ఇల్లు. నాలుగు అడుగుల కిటికీ, దాని నెత్తిన గోడ నుంచి రెండు అడుగులు బయటికి వచ్చిన సజ్జ, అదే సన్‌షేడ్. ఊళ్లో ఏ ఇంటికైనా నాలుగు వైపులా ఇదే సజ్జ కనిపిస్తుంది.

కిటికీ దక్షిణాన ఉందనుకోండి. మార్చి 21 నాటి మధ్యాహ్నం అక్కడ సూర్యుడు దాదాపు 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు. రెండడుగుల సజ్జ కిటికీని పూర్తిగా నీడలో ఉంచుతుంది. డిసెంబరు 21కి సూర్యుడు 49 డిగ్రీలకు దిగుతాడు. అదే సజ్జ కింద నీడ రెండడుగుల మూడు నాలుగు అంగుళాలే పడుతుంది, చలికాలపు ఎండ కిటికీ దిగువ సగం నుంచి లోపలికి వస్తుంది. వేసవిలో ఎండను ఆపి, చలికాలంలో ఆహ్వానించే సజ్జ అది.

అదే కిటికీని పడమటికి తిప్పండి. మే నెల నడిమి. సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు 30 డిగ్రీల లోపుకు దిగిపోయి ఉంటాడు. రెండడుగుల సజ్జ అడుగు పైన ఒకటి రెండు అంగుళాల నీడ మాత్రమే ఇస్తుంది. మిగిలిన దాదాపు మూడడుగుల కిటికీలోంచి ఎండ నేరుగా మంచం మీద పడుతుంది. అక్కడ ఉండాల్సింది నిలువు పలకలో, జాలీ గోడో, ఒక వేపచెట్టో. అది తెలియకపోతే ఆ ఇంటివాళ్లు ఏటా వేసవి పొడుగునా కరెంటు బిల్లు రూపంలో ఆ అజ్ఞానానికి వెల కడుతూ ఉంటారు.

ఈ లెక్కకు పెద్ద గణితం అక్కర్లేదు, ఒక మూలమట్టం, సూర్యుడి దారి పటం చాలు. మూడో సెమిస్టరు విద్యార్థి చేయగలడు. చేయాలన్న పట్టుదల అలవడటమే చదువు. 1930లో మన సికింద్రాబాద్‌లో పుట్టిన చార్లెస్ కొరియా ఈ లెక్కలోంచే ఇల్లు పుట్టించాడు. 1960ల మొదట్లో అహ్మదాబాద్‌లో కట్టిన ఆయన ట్యూబ్ హౌస్ సన్నని పొడవాటి ఇల్లు. వాలు కప్పు వెంబడి వేడిగాలి పైకెక్కి శిఖరం దగ్గర బయటికి పోయేది, ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి వచ్చేది. యంత్రం లేకుండా ఊపిరి తీసుకునే ఇల్లు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ కార్యాలయ భవనాలు గీసిందీ ఆయనే.

నిలబెట్టడం

మూడో విద్య, కట్టడం నిలబడే తీరు తెలుసుకోవడం. బరువు స్లాబు నుంచి బీముకు, బీము నుంచి కాలమ్‌కు, అక్కడి నుంచి పునాదికి, పునాది నుంచి నేలకు దిగుతుంది. ఈ దారి ఎక్కడా తెగకూడదు. లెక్కలు ఇంజినీరు వేస్తాడు, నిజమే. కానీ ఆ దారి ఎటు పోతుందో ఆర్కిటెక్టు మనసులో మెదలకపోతే ఇంజినీరు చేతికి వెళ్లేది బొమ్మే.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి విద్యార్థులను తప్పక తీసుకెళ్లాలంటాను. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ పిల్లలు మదనికల శిల్పాల ముందు ఫొటోలు దిగి వచ్చేయకూడదు. పునాది కింద ఇసుక ఎందుకు నింపారని అడగాలి. గర్భగుడి మీది విమానానికి నీటిలో తేలేంత తేలిక ఇటుకలు ఎందుకు వాడారని అడగాలి. కింద మెత్తగా సర్దుకునే ఇసుక, పైన బరువు తగ్గించే ఇటుక. ఈ రెండూ ఒకే బుర్రలో పుట్టిన ఆలోచన. ఆ గుడి కట్టించిన దొర పేరుతో గాక శిల్పి పేరుతో నిలిచిందని మనవాళ్లు చెప్పుకుంటారు. ఈ వృత్తికి అంతకన్నా పెద్ద గౌరవం నాకు తెలియదు.

ఇటుక ముచ్చట వచ్చింది గనక లారీ బేకర్‌ను తలచుకోవాలి. 1917లో ఇంగ్లండులో పుట్టి, 1945లో కుష్ఠు రోగుల ఆస్పత్రుల పని మీద మన దేశానికి వచ్చి, చివరికి తిరువనంతపురంలో స్థిరపడి 2007లో కన్నుమూశాడు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ మధ్యలో బోలు వదిలే ర్యాట్ ట్రాప్ కట్టుబడిని ఆయన మన దేశంలో ప్రచారంలోకి తెచ్చాడు. గోడ అదే తొమ్మిది అంగుళాలు. ఇటుకలు దాదాపు పాతిక శాతం తక్కువ పడతాయి. బోలులోని గాలి వేడిని అడ్డుకుంటుంది. పేదవాడి ఇంటి ఖర్చు తగ్గించడం కూడా డిజైనే అని ఆయన గోడలు చెబుతాయి.

అయితే ఆ గోడ కట్టాల్సింది మేస్త్రీ. నేను శిక్షణలో ఉండగా ఒక సైటులో ఒక తాపీ మేస్త్రీ నాకు ఇంకో పాఠం చెప్పాడు. మెట్ల కింద స్నానాలగది గీసి పంపాను. ఆయన కాగితం చూసి ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి తీసుకెళ్లి, "ఇక్కడ నిలబడి చెంబుతో నీళ్లు పోసుకోండి బాబూ" అన్నాడు. చెయ్యెత్తాను. పిడికిలి స్లాబుకు తగిలింది. ప్లానులో గది ఉంది, సెక్షన్‌లో మనిషి పట్టడు. మాస్టారి మాట అప్పుడు గుర్తొచ్చింది.

మనిషి కొలత

నాలుగో విద్య మనిషి. మెట్టును చూడండి. మెట్టు ఎత్తును రెండింతలు చేసి వెడల్పు కలిపితే 24, 25 అంగుళాలు రావాలన్న సూత్రం పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి ఆర్కిటెక్టు బ్లాండెల్ నాటిది. ఏడంగుళాల ఎత్తు, పదంగుళాల వెడల్పు అయితే ఇరవై నాలుగు. అది మనిషి అడుగు నుంచి పుట్టిన లెక్క. మెట్లన్నీ సమానంగా ఉండి, పైమెట్టు ఒక్కటి అంగుళం ఎక్కువైతే ప్రతి ఒక్కరి కాలూ అక్కడే తట్టుకుంటుంది. అప్పటిదాకా లెక్క పెట్టుకున్న కాలిని ఆ అంగుళం మోసం చేస్తుంది.

చక్రాల కుర్చీకి ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి మించకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. అంటే మా ఇంటి అరుగులా పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న బేస్‌మెంటుకు పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. ఇల్లంతా గీసేశాక చివర్లో గుర్తొస్తే ఆ పద్దెనిమిది అడుగులు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే నిటారుగా, ఎవరూ ఎక్కలేని ర్యాంపులు మన బ్యాంకుల ముందు, బడుల ముందు కనిపిస్తుంటాయి. మొదటి గీత గీసేటప్పుడే ఆ కుర్చీలోని మనిషి మనసులో ఉండాలి.

వినడం కూడా విద్యే. మన దగ్గర ఇల్లు కట్టించుకునేవాళ్లు చాలామంది వాస్తు గీతలతోనే వస్తారు. ఈశాన్యం ఖాళీగా ఉండాలి, వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలి అంటారు. దాన్ని కొట్టిపారేసే ఆర్కిటెక్టూ, మారు మాట్లాడకుండా గీసి ఇచ్చే ఆర్కిటెక్టూ ఇద్దరూ సగమే విన్నట్టు. ఆ మాట వెనక కట్టించుకునేవారి భయం ఉంటుంది, జీవితకాలపు పొదుపు ఉంటుంది, పెద్దల మీద గౌరవం ఉంటుంది. అవన్నీ విని, గాలీ వెలుగూ చెడకుండా దారి చూపించగలిగితేనే పని వచ్చినట్టు.

ఎక్కడ గీయాలో తెలిసినట్టే ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. 1962లో అహ్మదాబాద్ ఆర్కిటెక్చర్ స్కూలును స్థాపించిన బాలకృష్ణ దోషి ఇండోర్‌లో పేదల కోసం అరణ్య కాలనీ రూపొందించాడు. కుటుంబాలకు స్థలం, బేస్‌మెంటు, నీళ్లూ మరుగుదొడ్డీ ఉన్న చిన్న భాగం ఇచ్చి, మిగతా ఇల్లు వాళ్ల వీలునుబట్టి వాళ్లే కట్టుకునేలా వదిలాడు. దానికి 1995లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న మొదటి భారతీయుడూ ఆయనే. ఖాళీ వదలడం కూడా ఆ పెద్దాయన గీసిన గీతే.

జ్యూరీ ముందు

నెలల తరబడి పడిన శ్రమను గోడకు అంటించి, నలుగురు పరీక్షకుల ముందు నిలబడే రోజును జ్యూరీ అంటారు. నిద్ర లేని కళ్లతో, జిగురు అంటిన వేళ్లతో పిల్లలు నిలబడతారు. ఆ రోజు నేర్చుకునే విద్య రెండు వైపులది. ఎందుకలా గీశామో నాలుగు మాటల్లో చెప్పగలగడం ఒకటి. తప్పని తేలితే పంతం పట్టకుండా మళ్లీ మొదలుపెట్టడం రెండోది. మంచి డిజైన్ మొదటిసారికి రాదు. నాలుగోసారికో అయిదోసారికో వస్తుంది.

పరీక్షకులుగా కూర్చునే నాతోటివారికి ఒక విన్నపం. విద్యార్థి మోడల్‌ను విరగ్గొట్టి, ఏడిపించి, అదే శిక్షణ అనుకునే అలవాటు నేను చదివే రోజుల్లో చూశాను. ఆ పిల్లల్లో కొందరు మళ్లీ పెన్సిలు పట్టలేదు. మాస్టారు ఏనాడూ గొంతు పెంచలేదు. ఆయన ఒక్క ప్రశ్న అడిగేవారు. ఆ ప్రశ్న మమ్మల్ని నెలలపాటు వదిలేది కాదు.

మన చదువులో లోటు

ఇంత చదువులోనూ ఒక ఖాళీ ఉంది. డ్రాయింగు ఇంగ్లీషులో ఉంటుంది, పని తెలుగులో జరుగుతుంది. అయిదేళ్లు చదివిన విద్యార్థి సైటుకెళ్లి రసమట్టం, దూలం, వాసం, గానుగ సున్నం అన్న మాటలు మొదటిసారి వింటున్నాడు. మేస్త్రీ చెప్పేది విద్యార్థికి అందదు, విద్యార్థి అడగదలచింది మేస్త్రీకి చేరదు. సూత్రగ్రాహీ తక్షకుడూ ఒకరి భాష ఒకరికి రాకుండా పనిచేస్తే గుడి లేవదు. ప్రతి కాలేజీ ఏటా కొన్ని వారాలైనా మేస్త్రీలను, వడ్రంగులను గురువులుగా స్టూడియోకి పిలవాలి. గౌరవంగా కుర్చీ వేసి, పారితోషికం ఇచ్చి పిలవాలి.

ఇంకొకటి. మండువా లోగిళ్లు, మిద్దెలు, చుట్టిళ్లు ఏటా కూలిపోతున్నాయి. వాటిని ఆపడం మన చేతిలో లేకపోవచ్చు. కూలే లోపు కొలవడం మన చేతిలో ఉంది. మొదటి సంవత్సరం విద్యార్థి ఒక్కొక్కరూ ఒక్క పాత ఇల్లు కొలిచి, ఆ గీతలను కాలేజీలో భద్రపరిస్తే, పదేళ్లలో తెలుగువాళ్ల ఇళ్ల జ్ఞాపకం కాగితం మీదైనా మిగులుతుంది.

మా పెంకుటిల్లు ఇప్పుడు లేదు. నాయనమ్మ పోయిన కొన్నేళ్లకు పడగొట్టి స్లాబు వేశారు. మాస్టారు అడిగాక మళ్లీ ఊరెళ్లి గీసుకొచ్చిన రెండో ప్లాను మాత్రం నా దగ్గరుంది. అందులో రెండో స్తంభం పక్కన చిన్న గుండ్రటి గీత ఉంటుంది. అది నాయనమ్మ. ఆ గీత చూసి మాస్టారు ఏమీ అనకుండా సంతకం పెట్టి ఇచ్చారు.

విద్యార్థులారా, ఈ వారాంతంలో ఇంటికి వెళ్తే ఒక టేపు వెంట తీసుకెళ్లండి. మీ ఇంటి గుమ్మం, మెట్టు, కిటికీ కొలవండి. కొలిచాక, మీ ఇంట్లో అందరికన్నా పెద్దవారిని ఎక్కడ కూర్చుంటే హాయిగా ఉంటుందో అడగండి. ఆ చోటును మీ ప్లానులో గుర్తు పెట్టండి. మాస్టారికి మనం ఇవ్వగల నివాళి అదే.